పగిలిన కప్పుకి తోటలో చోటు

మా అక్కకి నేను పైన టైల్ పెంకులు అతికించి చేసిచ్చిన మొదటి మొజాయిక్ కుండీ ఒక్క చలికాలం కూడా నిలవలేదు. మంచు కరిగాక చూస్తే పెంకుల్లో సగం కుండీ చుట్టూ మట్టిలో రాలిపడి ఉన్నాయి. అక్క నాతో ఏమీ అనలేదు. ఒక్కొక్కటే ఏరి, కడిగి, ఓ డబ్బాలో దాచింది. ఆ డబ్బా చూసిన రోజు నా మనసుకి కలిగిన కష్టం ఇంతా అంతా కాదు. అందుకే చెప్తున్నాను: తోటలో పెట్టుకొమ్మని ఇచ్చేదానికి అందం తర్వాత సంగతి, ముందు అది ఎండకీ వానకీ ఆగాలి.

నేను వాడింది మామూలు తెల్ల జిగురు. ఇంట్లో గోడకి తగిలించే వాటికి సరిపోతుంది గానీ తడి తగిలితే మెత్తబడిపోతుంది. పైగా మట్టికుండీ నీళ్ళు పీల్చుకుంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కదా, పెంకు వెనక చేరిన తడి అలా ఉబ్బి పెంకుని బయటికి నెట్టేస్తుంది. గోడలకి వేసే టైల్స్‌కీ ఇదే బెడద. బాగా వేడిలో గట్టిగా కాల్చిన పోర్సిలిన్ టైల్ 0.5 శాతానికి మించి నీరు పీల్చదు కాబట్టి ఆరుబయట పనికి అదే మేలు.

రెండోసారి కుండీ జోలికి పోకుండా సిమెంట్ పలక తీసుకున్నాను. డబ్బాలోని పెంకుల్లో పోర్సిలిన్‌వి ఏరుకున్నాను. వాటితోపాటు, పగిలినా పారెయ్యలేక అక్క దాచుకున్న నీలిపూల పింగాణీ కప్పు అడిగి తెచ్చుకున్నాను. కళ్ళకి రక్షణగా అద్దాలు పెట్టుకుని, టైల్స్ కత్తిరించే పటకారులాంటి నిప్పర్‌తో అంచుని కొంచెం మాత్రమే పట్టి నొక్కితే ముక్క మనం అనుకున్నచోట విరుగుతుంది. పువ్వు చెదరకుండా కత్తిరించడానికి ఒక సాయంత్రం పట్టింది. ముక్కకీ ముక్కకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి ముందు కాగితం మీద పేర్చుకుని, కుదిరిందనిపించాకే టైల్స్ అతికించే సిమెంట్‌తో పలక మీదికి ఎక్కించాను. అది గట్టిపడ్డాక ముక్కల మధ్య సందుల్ని నింపే గ్రౌట్ ముద్ద పూస్తుంటే అంతా బూడిదరంగు బురదలా కమ్మేసింది. గుండె జారింది. ఇరవై నిమిషాలాగి తడి స్పాంజితో తుడుస్తుంటే ఆ బూడిదలోంచి నీలిరేకు ఒక్కొక్కటే బయటపడింది!

పగిలినవాటితో చేసింది బహుమతి ఎలా అవుతుందని అడిగేవాళ్ళున్నారు. బార్సిలోనాలోని పార్క్ గుయెల్‌లో ఆర్కిటెక్ట్ గౌడీ కట్టించిన వంపుల బెంచీని కప్పినవి పగిలిన పలకలే. చండీగఢ్ రాక్ గార్డెన్‌లో నేక్‌చంద్ విరిగిన గాజులతో, పింగాణీ ముక్కలతో బొమ్మల్ని నిలబెట్టాడు. 1976 నుంచి జనం వెళ్ళి చూస్తూనే ఉన్నారు. దుకాణంలో దొరికే కిట్‌తో చేసిచ్చినా తప్పులేదు. కానీ నా మాట వింటే, ముందు తీసుకునేవాళ్ళింట్లో పగిలి, పారెయ్యలేక దాచుకున్నదేమైనా ఉందేమో అడగండి.

ఆ పలక పెట్టి నాలుగు చలికాలాలు దాటాయి. ఒక్క ముక్కా కదల్లేదు. వాన వెలిశాక దానిమీద నీళ్ళు నిలిచి పువ్వు మెరుస్తోందని అక్క ఇప్పటికీ ఫోన్ చేసి చెప్తుంది.