కొత్త క్యాంపర్‌వ్యాన్, అప్పుడే కారుతున్న రూఫ్

లోపలే పడుకునేలా పరుపులున్న కొత్త బండి అండీ, ఇంకా సీట్ల వాసన కూడా పోలేదు, వాన పడితే చాలు పాప్‌టాప్ (చుట్టూ కాన్వాస్ గుడ్డ ఉండి పైకి ఎత్తే రూఫ్) ముందు మూల నుంచి నీళ్ళు కారి పై పరుపంతా తడిసిపోతోంది. డీలర్‌ని అడిగితే లీక్ కాదు, లోపల పడుకున్నవాళ్ళ ఊపిరి తేమే అలా నీళ్ళవుతుంది అంటాడు. తేమైతే గుడ్డంతా చెమ్మ పట్టాలి కదా, ఎప్పుడూ ఒకే కుట్టు దగ్గర ధారగా ఎందుకొస్తుంది? కాన్వాస్‌లో సూది దిగిన ప్రతిచోటా రంధ్రమే, దాన్ని సీల్ చేయడం తయారుచేసినవాళ్ళ పని, కొన్నవాళ్ళది కాదు. తడి గుడ్డ మడిచి రూఫ్ దించేస్తే బూజు పడుతుంది, అందుకే వాన ఆగినా ఆరేదాకా ఎత్తిపెట్టి కాపలా కాయాలి. ఇచ్చేముందు ఒక్కసారి పైపుతో నీళ్ళు కొట్టి చూడ్డానికి ఏం రోగం? వారంటీలో మార్చమంటే ఫోటోలంటారు, పంపితే వీడియో అంటారు, ఒళ్ళు మండిపోతోంది.