గడ్డిపై శిలీంధ్రం: అరుగుదల పెరిగితే సరిపోతుందా?

వరిగడ్డిపై శిలీంధ్రాన్ని పెంచి, పశువులకు సులువుగా అరిగే మేతగా మార్చవచ్చన్న ఆలోచనకు శాస్త్రబలం ఉంది. గడ్డిలోని సెల్యులోజ్ అనే పీచును ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు అరిగించగలవు గానీ, దాన్ని పెనవేసుకున్న లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని ఛేదించలేవు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు వంటి శిలీంధ్రాలు లాకేస్ తదితర ఎంజైములతో ఆ పని చేస్తాయి. పాడి మీదే ఇల్లు గడిచే కుటుంబాలు ఎన్నో ఉన్న చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ మాట ఆశ పుట్టించడం సహజం. అయితే అరుగుదల శాతాన్ని గొప్పగా చెప్పేవారు తరచూ దాటవేసే లెక్క ఒకటుంది.

శిలీంధ్రం లిగ్నిన్ మీదే బతకదు. తన ఎదుగుదలకు గడ్డిలోని సెల్యులోజ్‌నూ తింటుంది. అందులో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది. 100 కిలోల గడ్డిలో 45 శాతం అరుగుతుందనుకుంటే పశువుకు దక్కేది 45 కిలోలు. కొన్ని వారాల తర్వాత అరుగుదల 53 శాతానికి పెరిగి, ఎండు బరువు 85 కిలోలకు తగ్గితే దక్కేది మళ్లీ ఆ 45 కిలోలే! పొట్టలో చోటు పరిమితం కనుక, తక్కువ గడ్డిలోనే అంత మేత దక్కడం వల్ల ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవుకు అప్పుడూ కొంత మేలుంటుంది. వేసవికి వామిలో గడ్డి చాలక కొనుక్కునే రైతుకు మాత్రం ఒరిగేదేమీ ఉండదు. 1980ల్లో హర్యానాలోని కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో యూరియా పట్టించిన గడ్డిపై కోప్రినస్ శిలీంధ్రాన్ని పెంచి చూసినప్పుడూ ఈ బరువు నష్టమే అడ్డొచ్చింది. పైగా వరిగడ్డి అరగకపోవడానికి లిగ్నిన్‌తో పాటు సిలికా కూడా కారణం. దాన్ని ఈ శిలీంధ్రాలు తొలగించలేవు.

అంతకంటే పెద్ద చిక్కు, అక్కర్లేని బూజులు చేరడంతో. కావలసిన శిలీంధ్రం పెరగాలంటే గడ్డిని ఉడకబెట్టో ఆవిరి పట్టో శుద్ధి చేయాలి, తేమను, చల్లదనాన్ని నిలపాలి. ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతి పరిసరాల్లో పశువుల కొట్టం పక్కన ఇది సాగే పని కాదు. పలమనేరు వైపు కాస్త నయం. శుద్ధి కుదరకపోతే విషపు బూజులు చేరతాయి. ఆస్పర్జిల్లస్ అనే బూజు విడుదల చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకీ దిగుతుంది. మన దేశంలో కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములే దాని పరిమితి. చెనక్కాయ చెక్కతో ఇప్పటికే ఆ భయం ఉన్న జిల్లాలివి. ఈశాన్య రుతుపవనాల వానకు తడిసి బూజుపట్టిన గడ్డిని పశువులకు వేయవద్దని చెబుతూనే, బూజు పెంచి మేపమని అదే నోటితో చెబితే రైతుకు తేడా ఎలా తెలుస్తుంది?

దీనితో పోలిస్తే యూరియా పద్ధతి ఆకర్షణ లేనిదే అయినా నిలకడైనది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, సమంగా చల్లి, గాలి చొరకుండా 3 వారాలు కప్పి ఉంచితే, వెలువడే అమ్మోనియా పీచును మెత్తబరుస్తుంది, బూజునూ అడ్డుకుంటుంది. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి. 6 నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

శిలీంధ్రానికి చోటు ఉందంటే అది పుట్టగొడుగుల షెడ్లలోనే, ఎందుకంటే శుద్ధి, చల్లదనం అక్కడ ముందే ఉంటాయి. కానీ పుట్టగొడుగుల కోతలన్నీ అయ్యాక మిగిలే గడ్డి బెడ్లలో సెల్యులోజ్ కొంత మేర ఇప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. దాన్ని మేలైన మేతగా అమ్మడం సరికాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ఈ పద్ధతిని సిఫారసు చేసేముందు, 100 కిలోల గడ్డి నుంచి చివరికి పశువుకు దక్కే అరిగే మేత ఎన్ని కిలోలో, కిలోకు ఖర్చెంతో, యూరియా గడ్డి, చెనక్కాయ కట్టెల లెక్క పక్కనే పెట్టి రైతులకు చూపాలి.