బ్రేకు వేస్తే బ్యాటరీ నిండదు: హబ్ మోటార్ల మీద తిరుగుతున్న మాటలకు నా జవాబు

పాత సైకిల్‌కి మోటారు బిగించుకుందామని ఎవరు అనుకున్నా వాళ్ల ఫోన్‌కి ఒక వాట్సాప్ సందేశం వచ్చి చేరుతోంది. ఈ నెలలో నాకే నలుగురు పంపారు. దాని సారం ఇది: "గేర్డ్ హబ్ మోటారు కొనకండి, లోపల ఉండేవి ప్లాస్టిక్ గేర్లు, ఆరు నెలల్లో పొడైపోతాయి. గేర్‌లెస్ 1000 వాట్లది తీసుకోండి. ఏ ఎత్తయినా ఎక్కేస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ ఛార్జ్ అవుతుంది. సైకిలే కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు. ముందు చక్రానికి పది నిమిషాల్లో ఎవరైనా బిగించుకోవచ్చు."

హబ్ మోటారు అంటే చక్రం నడిమధ్యలో కూర్చుని దాన్ని తిప్పే మోటారు; లోపల గేర్లుంటే గేర్డ్, లేకపోతే గేర్‌లెస్. విశాఖలో నాలుగేళ్లుగా ఇలాంటి మోటారున్న సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లొస్తున్నాను. మొదటి ఏడాదిన్నర గేర్‌లెస్ వాడాను, ఆ తర్వాత గేర్డ్‌కి మారాను. ఈ సందేశం నమ్మి డబ్బు పోగొట్టుకోవడం ఒక ఎత్తు, అందులోని చివరి వాక్యం నమ్మి ఒళ్లు పోగొట్టుకోవడం ఒక ఎత్తు. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

"బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ ఛార్జ్ అవుతుంది."

ఎక్కువ మందిని పడేస్తున్నది ఈ మాటే. గేర్‌లెస్ మోటారు బ్రేకు వేసినప్పుడు జనరేటర్‌లా పనిచేయగలదు, అది నిజం. ఎంత కరెంటు తిరిగొస్తుందో మాత్రం ఎవరూ లెక్క కట్టి చెప్పడం లేదు. మనిషి, సైకిల్, బ్యాటరీ అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఆ బరువులో ఉండే శక్తి సుమారు 2,400 జౌళ్లు. బ్యాటరీ భాషలో చెప్పాలంటే 0.67 వాట్ అవర్. అందులో సగం వెనక్కి వచ్చినా 0.33. మామూలు రోడ్డు మీద నా సైకిల్ కిలోమీటరుకు దాదాపు 12 వాట్ అవర్లు తాగుతుంది. అంటే ఒకసారి ఆగితే తిరిగొచ్చే కరెంటుతో 30 మీటర్లు కూడా వెళ్లలేం. ఆఫీసుకు పోయి రావడంలో 30 సార్లు ఆగానే అనుకోండి, మిగిలేది 10 వాట్ అవర్లు. కిలోమీటరుకు కూడా చాలవు. నా బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లది. దాని పక్కన ఈ పది ఎంత?

ఇంకో సంగతి. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ, అంటే 36 వోల్టుల లిథియం ప్యాక్ 42 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు, ఇంక కరెంటు తీసుకోదు. ఇల్లు ఎత్తు మీద ఉండి పొద్దున్నే కిందికి దిగే వాళ్లకు సరిగ్గా కావలసినప్పుడే ఈ సదుపాయం దొరకదు. పైగా బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె, అంటే కంట్రోలర్, చాలా చవక కిట్లలో ఈ పని చేయలేదు. దీనివల్ల బ్రేకు రబ్బర్ల అరుగుదల తగ్గుతుంది, అది నేనూ చూశాను. ఆ లాభం కోసం తీసుకుంటానంటే కాదనను. ఛార్జర్ పక్కన పెట్టేయొచ్చనుకుని మాత్రం తీసుకోవద్దు.

"గేర్డ్ మోటారులో ప్లాస్టిక్ గేర్లు, ఆరు నెలల్లో పొడి."

26 అంగుళాల చక్రం గంటకు 25 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది. గేర్‌లెస్‌లో మోటారు కూడా ఆ 200 చుట్లే తిరుగుతుంది. గేర్డ్‌లో లోపలి చిన్న మోటారు దానికి సుమారు అయిదు రెట్లు, అంటే నిమిషానికి వెయ్యి దాకా తిరుగుతుంది. ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చేవే గేర్లు. రెండు మూడు కిలోల గేర్డ్ మోటారు, ఆరు కిలోల గేర్‌లెస్ మోటారు లాగినంతా లాగగలిగేది అందుకే.

ఆ గేర్లు నైలాన్‌వి, నిజమే. చప్పుడు తగ్గించడానికి కావాలనే అలా చేస్తారు. పోయిన వేసవిలో దాదాపు 7,000 కిలోమీటర్లు తిరిగాక నా మోటారు విప్పాను. చుట్టూ ఉన్న స్క్రూలు తీసి మూత లేపితే మూడు తెల్లటి గేర్లు, వాటి మధ్యలో చిన్న ఉక్కు పళ్ల చక్రం కనిపించాయి. గ్రీజు నల్లబడి, ఎండి అంచులకు పోయి పేరుకుంది. పళ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, వేలితో తడిమితే అంచు కాస్త నునుపెక్కినట్టు తెలిసిందంతే. పాత గ్రీజు తుడిచి కొత్తది రాసి మూసేశాను. ఒక సాయంత్రం పని. ఈ గేర్లను పొడి చేసేవి రెండు: కంట్రోలర్ మార్చి మోటారు తట్టుకోలేనంత కరెంటు పంపడం, సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కకుండా నిలబడ్డ చోట నుంచే యాక్సిలరేటర్ మొత్తం తిప్పడం. రెండు తొక్కులు తొక్కి ఆ తర్వాత తిప్పితే అవి ఏళ్లు వస్తాయి. అరిగినా గేర్ల సెట్టు విడిగా దొరుకుతుంది, మోటారు పారేయక్కర్లేదు.

గేర్‌లెస్‌లో అరిగే గేర్లు లేవు, చప్పుడూ ఉండదు. ఆ రెండు విషయాల్లో అదే మెరుగు. కానీ బ్యాటరీ అయిపోయిన రాత్రి దాన్ని తొక్కుకుంటూ ఇంటికి రావడం ఎలా ఉంటుందో సందేశం రాసినవాళ్లు చెప్పలేదు. లోపలి అయస్కాంతాలు చక్రాన్ని పట్టి లాగుతుంటాయి. గేర్డ్ మోటారులో ఫ్రీవీల్ లాంటి క్లచ్ ఉంటుంది కాబట్టి కరెంటు లేకపోయినా మామూలు సైకిల్‌లాగే పోతుంది.

"1000 వాట్లుంటే ఏ ఎత్తయినా ఎక్కేస్తుంది, లైసెన్స్ అక్కర్లేదు."

మోటారు మీద రాసిన అంకె బలం ఇవ్వదు, దానికి అందే కరెంటు ఇస్తుంది. 36 వోల్టుల బ్యాటరీ, 15 ఆంపియర్ల కంట్రోలర్ ఉంటే మోటారు మీద ఏం రాసి ఉన్నా అందేది 540 వాట్లే. నిజంగా వెయ్యి వాట్లు లాగాలంటే 28 ఆంపియర్లు కావాలి. చిన్న ప్యాక్ అంత కరెంటు ఇవ్వలేక ఎత్తు మధ్యలోనే కట్ అయిపోతుంది.

అసలు ఎత్తుకు ఎంత కావాలి? నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద ఆ 100 కిలోలను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి సుమారు 250 వాట్లు, గాలికీ టైర్ల రాపిడికీ ఇంకో 50, 60. అందులో వంద మన కాళ్లు ఇస్తే మిగిలేది మోటారుకు రెండొందలు. నా గేర్‌లెస్ మోటారు విశాఖలోని ఎండాడ ఎత్తు మీద వేగం తగ్గేకొద్దీ కరెంటును వేడిగా మార్చేది. పైకి చేరాక హబ్ మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ని. ఏలూరు, తెనాలి లాంటి చదును నేల మీద బరువులు మోసుకుని ఒకే వేగంతో పోయేవాళ్లకు గేర్‌లెస్ చక్కగా సరిపోతుంది. ఎత్తులున్న ఊళ్లో, ఆగుతూ సాగుతూ పోవాలంటే గేర్డే మేలని నా అనుభవం.

లైసెన్స్ సంగతి: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం మోటారు 0.25 కిలోవాట్‌కు లోపు ఉండాలి, వేగం 25 కిలోమీటర్లు దాటకూడదు. అది కూడా పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. అప్పుడే అది మోటారు వాహనం కాదు. వెయ్యి వాట్లది ఈ మినహాయింపులోకి రాదు, దానికి రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్స్ అన్నీ కావాలి. ఎవరినైనా గుద్దిన రోజున ఈ వాట్సాప్ సందేశం చూపించి బయటపడలేరు.

"ముందు చక్రానికి పది నిమిషాల్లో బిగించుకోవచ్చు."

ఇదే నన్ను భయపెడుతున్న మాట. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే దాని ఇరుసు వెనక్కి తిరగబోతుంది. దాన్ని ఆపేది ఇరుసుకు రెండు పక్కలా చదునుగా చెక్కిన 10 మిల్లీమీటర్ల భాగం ఒక్కటే. మోటారు 30 న్యూటన్ మీటర్ల బలంతో లాగితే ఆ అంచుల మీద పడేది సుమారు 300 కిలోల ఒత్తిడి. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల చట్రమే ఫోర్కు, ఇరుసు కూర్చునేది దాని చీలికలో. అల్యూమినియం సస్పెన్షన్ ఫోర్కు చీలిక ఆ ఒత్తిడిని ఎక్కువ కాలం తట్టుకోదు. బ్రేకుతో ఛార్జ్ అయ్యే రకమైతే ఇరుసు ముందుకూ వెనక్కీ గుంజుకుంటూ నట్లను వదులు చేస్తుంది. మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి సైకిల్ చూశాను. ఫోర్కు చీలిక నోరు తెరుచుకుంది, ఇరుసు గుండ్రంగా తిరిగి మోటారు వైర్లను మెలిపెట్టి తెంపేసింది. ఇంటి గేటు ముందే జరిగింది కాబట్టి చక్రం ఊడినా మోకాలి దెబ్బతో పోయింది.

ముందు చక్రానికే పెట్టుకుంటే ఉక్కు ఫోర్కు ఉన్న సైకిల్‌కి పెట్టుకోండి. టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ ఇరుసును పట్టుకుని ఫోర్కు కాడకు బిగుస్తుంది, అది తప్పనిసరిగా వేయించండి. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి, ఆ తర్వాత నెలకోసారి చూడండి. ఇప్పటికే పట్టీ లేకుండా తిరుగుతున్నవాళ్లు అది వేయించేదాకా మోటారు ఆన్ చేయకండి, తొక్కుకుంటూ వెళ్లండి.