దోపిడీ నేరం కాదు, లెక్క చెప్పకపోవడమే నేరం

1659లో ఇంగ్లండ్ నౌకాదళ కెప్టెన్ క్రిస్టఫర్ మింగ్స్ ‘మార్‌స్టన్ మూర్’ యుద్ధనౌకలో బయల్దేరి, వెనెజువెలా తీరంలోని స్పెయిన్ పట్టణాలను వరుసగా కొల్లగొట్టాడు. ఒక్క కోరోలోనే స్పెయిన్ రాజుకు చెందిన వెండి పెట్టెలు ఇరవైకి పైగా చిక్కాయి. అందులో చాలాభాగం తన సిబ్బందికీ, వెంట వచ్చిన సముద్రపు దొంగలకూ పంచేశాడు. జమైకా గవర్నర్ ఎడ్వర్డ్ డాయ్లీ అతణ్ని పదవి నుంచి తొలగించి, విచారణకు ఇంగ్లండ్ పంపించాడు.

పట్టణాలు ఎందుకు దోచావని మాత్రం ఎవరూ అడగలేదు. ప్రభుత్వ వాటా ఏమైందన్నదే అభియోగం. 1655లో స్పెయిన్ నుంచి జమైకాను లాక్కున్న ఇంగ్లండ్ దగ్గర ఆ దీవిని కాపాడేందుకు చాలినన్ని ఓడలు లేవు. అందుకే దొంగలను చేరదీసింది. వాళ్లతో కలిసి వెళ్లినప్పుడు కిమ్మనని ప్రభుత్వానికి, వాళ్ల పద్ధతిలో పంచగానే చట్టం గుర్తొచ్చింది!

1660లో రెండో చార్లెస్ రాజయ్యాడు. అతని తండ్రి సేనపై పార్లమెంటు సేన గెలిచిన యుద్ధం పేరున్న ‘మార్‌స్టన్ మూర్’ కాస్తా ‘యార్క్’గా మారింది. ఓడ పేరుతో పాటు మింగ్స్ మీది కేసూ పోయింది. 1662లో ‘సెంచూరియన్’ కెప్టెన్‌గా మళ్లీ జమైకాకే పంపారు. ఐరోపాలో స్పెయిన్‌తో సంధి కుదిరి ఉన్నా అదే ఏడాది శాంటియాగో డి క్యూబాను, మరుసటి ఏడాది కాంపెచేను దోచాడు. ఈసారి విచారణ లేదు. 1665లో ‘సర్’ బిరుదే దక్కింది. డచ్చివారితో యుద్ధంలో అతని అవసరం ఉంది మరి.

1666 జూన్‌లో నాలుగు రోజుల సముద్ర యుద్ధం చివరి రోజున గొంతులో గుండు దిగింది. గాయాన్ని తన వేళ్లతోనే నొక్కిపట్టుకుని పోరాడాడంటారు. తర్వాత లండన్‌లో చనిపోయాడు. అంత్యక్రియలకు వెళ్లిన నౌకాదళ అధికారి శామ్యూల్ పెపీస్ తన డైరీలో రాసుకున్న దృశ్యం నా దృష్టిలో మింగ్స్ కొలువంతటికీ కీలకం. డజను మంది నావికులు కన్నీళ్లతో పెపీస్ ఉన్న బండి దగ్గరకొచ్చి, నిప్పంటించి శత్రువు మీదికి వదిలే ఓడ ఒకటి ఇమ్మని, ప్రాణాలు పోయినా తమ నాయకుడి పగ తీర్చుకుంటామని వేడుకున్నారు.

చెప్పులు కుట్టేవాడి కొడుకునని మింగ్స్ గొప్పగా చెప్పుకునేవాడని, ఆస్తి కూడబెట్టకుండానే పోయాడని కూడా పెపీస్ రాశాడు. కోరో వెండి అతనికి అంటలేదన్నమాట. ఆ నావికుల అభిమానాన్ని వీరారాధన అనుకుంటే పొరపాటే. జీతాలు నెలల తరబడి బాకీపడే నౌకాదళంలో, వాటా చేతిలో పెట్టిన అధికారి వాళ్లకు అరుదుగా దొరికాడు.