వినేవారిని బట్టి పెగ్గు

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ గృహస్థుణ్ని తీసుకున్నా, ఆయన శనివారం రాత్రి ఎంత తాగాడన్నది ఇంతవరకు తేలలేదు. భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ మిత్రులకు చెబితే అది ఫుల్ బాటిల్. డాక్టరు అడిగితే “ఎప్పుడైనా పెళ్లిళ్లలో, ఒక్క పెగ్గు సార్”. బీమా ఏజెంటు ఫారం నింపుతుంటే ఆ అలవాటే లేదు. భార్య అడిగితే దగ్గు మందు. అత్తగారు అడిగితే ఆమెది అనుమానపు బుద్ధి.

దీన్ని అబద్ధం అనడం తొందరపాటు. వినేవారి గుండె ఎంత తట్టుకోగలదో చూసి వడ్డించడం మర్యాద.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్లు నిండిన తెలంగాణ మగవారిలో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. అరుణాచల్ ప్రదేశ్ తర్వాత స్థానం మనదే. ఆ అంకె చూసి పెద్దమనుషులు తలలు దించుకున్నారు. నాకు మాత్రం రొమ్ము పొంగింది. ముక్కూమొహం తెలియని మనిషి గుమ్మంలోకి వచ్చి అడిగితే అంతమంది ఒప్పుకున్నారు! అయితే ఆ సమయానికి ఇల్లాలు వంటింట్లో ఉందా, పుట్టింట్లో ఉందా అన్నది కూడా రాసి ఉంటే అంకెకు మరింత విలువ వచ్చేది.

ట్రాఫిక్ పోలీసుల గొట్టం దగ్గర ఈ మర్యాద చెల్లదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. “అన్నా, కల్లే తాగినాను” అంటే యంత్రం కరగదు.

మన చట్టం మాత్రం ఈ విషయంలో చాలా లోతైనది. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే ఆ మాట సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే 23వ సెక్షన్ అయింది. అవే మాటలు మేజిస్ట్రేటు ముందు పద్ధతిగా చెబితే చెల్లుతాయి. పైగా ఆయన ముందే హెచ్చరించాలి: ఒప్పుకోవలసిన నిర్బంధం లేదు, ఒప్పుకుంటే నీ మీదే సాక్ష్యం కావచ్చు అని.

ఇంటి సంగతి చూడండి. హెచ్చరిక లేదు, ఆలోచించుకునే గడువు లేదు. చెప్పులు విప్పకముందే విచారణ, “నిజం చెబితే ఏమీ అనను” అనే ప్రలోభం. పోలీసులు ఇలాంటి ఆశ చూపి రాబట్టిన వాంగ్మూలాన్ని ఏ కోర్టూ ముట్టుకోదు. ఇక్కడ దాని మీదే శిక్ష పడుతుంది, అప్పీలు మామగారి దగ్గరకు వెళితే శిక్ష పెరిగి తిరిగి వస్తుంది. కాబట్టి రాత్రి పది దాటాక ప్రతి ఇంటి వరండానూ పోలీసు స్టేషనుగా ప్రకటించి, అక్కడి ఒప్పుకోళ్లు చెల్లవని చట్టం చేయాలని నా డిమాండు.

ఈ ముసాయిదాను ఒక గృహిణికి చూపించాను. ఆమెకు ఏ అభ్యంతరమూ లేదట. ఆయనను ఇక ఏమీ అడగదట. ఒకటో తరగతి చదివే కొడుకును పిలిచి, నాన్న స్కూటర్ డిక్కీలో ఏముందో చూసి రమ్మంది. ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగితే చిన్నపిల్లల సాక్ష్యమూ మన చట్టంలో చెల్లుతుంది. ముందుగా సవరించవలసింది ఆ సెక్షనే.