పోటీకీ ఇంటికీ ఒకే పిస్టల్: పర్లాకిమిడిలో చెల్లని సలహా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగు యువకుల ఫోన్లలో కొంతకాలంగా ఒక సలహా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: తుపాకీ లైసెన్సు తీసుకునేవాడు చిన్న పిస్టల్ మీద డబ్బు తగలేసుకోకూడదు. పూర్తి సైజు 9 ఎం.ఎం. పిస్టల్, అందులోనూ పైన రెడ్‌డాట్ (వెలిగే చుక్కతో గురి చూపే సాధనం) బిగించుకునే వీలున్నది కొనాలి. చుక్క ఎక్కడ ఉంటే తూటా అక్కడే తగులుతుంది కాబట్టి సాధన పెద్దగా అక్కర్లేదు. పగలు పోటీలకు, రాత్రి ఇంటి కాపలాకు ఆ ఒక్కటే చాలు. దొంగ ఇంట్లోకి వస్తే కాల్చే హక్కు చట్టమే ఇచ్చింది.

అమెరికాలో ఎవరైనా ఈ మాట అంటే నేను పెద్దగా వాదించను. అక్కడ ఇందులో సగానికి పైగా నిజమే. పూర్తి సైజు పిస్టల్ పిడి నాలుగు వేళ్లకూ పట్టు ఇస్తుంది. బరువు ఎక్కువ కాబట్టి పేలినప్పుడు చేతిని తన్నే ఊపు తక్కువగా తెలుస్తుంది. గ్లాక్ 17 బ్యారెల్ పొడవు 114 మిల్లీమీటర్లు, పోటీల కోసం అదే కంపెనీ చేసిన 34 నమూనాకు 135. పోటీలవాళ్లు ఇష్టపడే సీజెడ్ షాడో 2 ఖాళీగానే కిలో మూడు వందల గ్రాములకు పైగా తూగుతుంది. రెడ్‌డాట్ సంగతీ అంతే. మామూలు పిస్టల్‌తో గురి చూసేటప్పుడు వెనుక గాడి, ముందు మొన, ఎదురుగా లక్ష్యం, ఈ మూడింటినీ ఒక వరుసలోకి తేవాలి. కన్నేమో ఒక్కసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. రెడ్‌డాట్‌లో చిన్న దీపం వెలుగు అద్దం మీద పడి కంటికి తిరిగి వస్తుంది, చుక్క లక్ష్యం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. చూపు లక్ష్యం మీద ఉంటే చాలు. నలభై దాటి దగ్గరి చూపు మందగించినవాళ్లకు ఇది పెద్ద సాయం. గ్లాక్ కంపెనీ 2015లో స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) మీద డాట్ కూర్చునేందుకు ఫ్యాక్టరీలోనే గాడి తీసిన పిస్టళ్లను అమ్మకానికి తెచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి.

ఇదంతా ఆ దేశపు బజారు సంగతి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మనకు మొదటి అడ్డంకి ఆ 9 ఎం.ఎం. దగ్గరే ఉంది.

భారతదేశంలో 9 ఎం.ఎం. పిస్టల్ నిషిద్ధ బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). పోలీసులకు, సైన్యానికి ఉద్దేశించినది. సాధారణ పౌరుడికి దాన్ని ఇచ్చే అధికారం జిల్లా కలెక్టరుకు లేదు. అది కేంద్ర హోం శాఖ చేతిలోని విషయం, కోరిన ప్రతివాడికీ ఇచ్చేది కాదు. కలెక్టరు ఇవ్వగలిగిన చేతి తుపాకీ అంటే ఆచరణలో .32 రివాల్వర్, .32 పిస్టల్, .22 వంటివే. పైగా పౌరులు విదేశీ తుపాకులను స్వేచ్ఛగా దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్యలోనే మూసుకుపోయింది. నిర్ణీత స్కోర్లు సాధించి గుర్తింపు పొందిన షూటర్లకు మాత్రమే కొన్ని షరతులతో ఆ వీలుంది. అంటే సలహాలో చెప్పిన పిస్టల్ కొనాలంటే ముందు మీరు పెద్ద షూటర్ అయి ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ మాట చెప్పి ఏం లాభం?

దీనికి కొందరి దగ్గర ఒక ఉపాయం సిద్ధంగా ఉంది: ప్రభుత్వ కర్మాగారాల్లో చేసిన .32 అశని పిస్టల్ కొని, దాని స్లైడ్ మీద లేత్ యంత్రంతో గాడి కొట్టించి డాట్ బిగిస్తే సరి. ఇది వట్టి తెలివితక్కువ సలహా కాదు, ప్రమాదకరమైన సలహా. తుపాకీని మార్చడం, మరమ్మతు చేయడం 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ కిందికి వస్తాయి. లైసెన్సున్న తయారీదారు, మరమ్మతుదారు తప్ప మరొకరు ఆ పని చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. వర్క్‌షాపు నడుపుకునే మనిషినీ మీతో పాటు జైలుకు తీసుకెళ్లాలనుకుంటే తప్ప ఆ మాట ఎత్తకండి.

ఇక పోటీల సంగతి. ఈ సలహా బాగా తప్పిన చోటు ఇదే, దీన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఆశ్చర్యం.

రెడ్‌డాట్ ఉన్న పూర్తి సైజు పిస్టల్‌తో పోటీ పడేది ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) తరహా ఆటలో. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం కొలంబియాలో పుట్టిన సంస్థ అది. అందులో షూటర్ పరుగెత్తుతాడు, అడ్డుగోడల వెనక నుంచి కాలుస్తాడు, స్కోరును సమయంతో భాగిస్తారు. ఇలాంటి పిస్టళ్లకు అందులో ప్రత్యేక విభాగమే ఉంది. మన దేశంలో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు జరిగేది ప్రధానంగా 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం కింద, ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నియమాల ప్రకారం. ఆ నియమాల్లో పిస్టల్‌కు తెరిచి ఉన్న గురి సాధనాలే ఉండాలి. అద్దం, దుర్భిణి, లేజర్, వెలిగే చుక్క, అన్నీ నిషిద్ధమే. రెడ్‌డాట్ బిగించిన పిస్టల్‌తో వెళితే తనిఖీ బల్ల దగ్గరే వెనక్కి పంపిస్తారు.

ఆ బల్ల మీద ఇంకా చాలా కొలుస్తారు. 25 మీటర్ల పోటీల పిస్టల్ 300, 150, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి. బరువు 1,400 గ్రాములు దాటకూడదు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు మించకూడదు. సెంటర్‌ఫైర్ (తూటా అడుగున నడిమధ్య పిన్ను తగిలి పేలే) పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం కిలో బరువును మోయాలి. మన దగ్గర దొరికే .32 బోరు ఆ పోటీకి సరిపోతుంది, నిజమే. కానీ అక్కడ వాడేది గురి కోసమే చేసిన పిస్టల్, పిడిని షూటర్ చేతికి అచ్చు గుద్దినట్టు చెక్కించుకుంటారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్‌పాల్ రాణా 600కు 590 సాధించి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ పోటీలోనే. చుక్క లేదు, అద్దం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ గెలిచిన రెండు కాంస్యాలూ, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తెచ్చిన నాలుగు పతకాలూ కూడా గాడినీ మొననూ కంటితో కలిపి సాధించినవే.

పోనీ, విదేశాలకు వెళ్లి ఐపీఎస్‌సీలో ఆడతాం అంటారా? అక్కడ తూటా బరువును గ్రెయిన్లలో (తూటాలకు వాడే చిన్న తూకపు కొలత), వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని హెచ్చించి వెయ్యితో భాగిస్తారు. కనీసం 125 రావాలి. 124 గ్రెయిన్ల 9 ఎం.ఎం. తూటా 1,050 అడుగుల వేగంతో పోతే 130 వస్తుంది. మన .32 తూటా 71 గ్రెయిన్లు, వేగం సుమారు 900 అడుగులు. లెక్క 64 దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో ఉన్నది అక్కడికి పనికిరాదు, అక్కడ పనికొచ్చేది ఇంట్లో ఉండే వీల్లేదు.

చుక్క ఉంటే సాధన అక్కర్లేదన్న మాటను డాట్ వాడినవాళ్లే ఒప్పుకోరు. చుక్క చేతి వణుకును చూపిస్తుందే గాని ఆపదు. ట్రిగ్గర్‌ను గుంజితే చుక్క పక్కకు దూకుతుంది, తూటా కూడా. అలవాటు లేనివాడు పిస్టల్ ఎత్తగానే అద్దంలో చుక్కే కనబడదు, దాన్ని వెతుక్కుంటూ పిస్టల్‌ను పైకీ కిందికీ తిప్పుతూ ఉంటాడు. ఎత్తగానే చుక్క కంటి ముందుకు రావాలంటే అదే కదలికను వేల సార్లు చేసి ఉండాలి. చుక్కలోనూ పెద్దా చిన్నా ఉన్నాయి, వాటి సైజును ఎంఓఏ అనే కోణపు కొలతలో చెబుతారు. 3 ఎంఓఏ చుక్క 25 మీటర్ల దూరంలో సుమారు రెండు సెంటీమీటర్లకు పైగా కప్పేస్తుంది, 6 ఎంఓఏ చుక్క నాలుగుకు పైగా. 25 మీటర్ల ప్రెసిషన్ (నిదానంగా కాల్చే) టార్గెట్‌లో పది మార్కుల వలయం మొత్తం వ్యాసమే ఐదు సెంటీమీటర్లు. పైగా డాట్ బ్యారెల్‌కు పైన ఎత్తులో కూర్చుంటుంది కాబట్టి, ఒక దూరానికి సరిచేసిన గురి నాలుగైదు అడుగుల దూరంలో తూటాను చుక్క కన్నా కిందనే పెడుతుంది. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేని దోషం) ఉన్న కంటికి ఆ చుక్క గుండ్రంగా కాకుండా చెదిరిన నక్షత్రంలా కనబడుతుంది. బ్యాటరీ, బిగింపు మరలు, అద్దం మీద దుమ్ము, వీటి సంగతి చెప్పక్కర్లేదు.

ఒకే తుపాకీ రెండు పనులకూ అన్న మాట అమెరికాలో కూడా వివాదమే. పోటీ తుపాకీకి ట్రిగ్గర్‌ను తేలిక చేస్తారు, సన్నటి స్ప్రింగులు వేస్తారు, పొదుపు కోసం ఇంట్లో నింపుకున్న తూటాలు వాడతారు. అలాంటిది పడకగదిలో అర్ధరాత్రి, చెయ్యి వణికే వేళ పట్టుకోవలసిన వస్తువు కాదు. పందెపు ఎద్దును నాగలికి కట్టినట్టు ఉంటుంది.

ఇంటి కాపలా మాటలో చట్టాన్ని అడ్డదిడ్డంగా చదివారు. ఆత్మరక్షణ హక్కు ఉంది, నిజం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి విషయంలో ఆ హక్కు ప్రాణం తీసేదాకా పోవచ్చని 41వ సెక్షన్ అంటుంది. సలహా ఇచ్చినవాళ్లు ఇక్కడ చదవడం ఆపేశారు. 37వ సెక్షన్ దానికి పగ్గం వేసింది: అవసరమైనదాని కన్నా ఎక్కువ హాని చేయకూడదు, అధికారుల సాయం కోరే సమయం ఉంటే ఆ హక్కే లేదు. గోడ దూకి వీధిలో పరుగెడుతున్నవాడిని కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు నమ్మడం కష్టం. ఆ పరిస్థితి ఉందని చూపించుకోవలసిన బాధ్యత కాల్చినవాడిదే.

మన ఊళ్ల ఇళ్లు కూడా ఆ వీడియోల్లోని ఇళ్లలా ఉండవు. పాత వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. వేసవి రాత్రి పిల్లలు హాల్లో, పెద్దవాళ్లు అరుగు మీద, ఎవరో ఒకరు డాబా మీద పడుకుని ఉంటారు. గురి తప్పిన తూటా చెక్క తలుపును దాటి ఎక్కడ ఆగుతుందో చీకట్లో ఎవరు చెప్పగలరు? రాత్రి నీళ్ల కోసం లేచిన మామయ్యను దొంగ అనుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో పనికొచ్చేది లైటు స్విచ్చు. రక్షణ కోసమే తుపాకీ కావాలనుకుంటే ఆయుధ చట్టం 13వ సెక్షన్ చదవండి: 20 అంగుళాలకు తగ్గని, లోపల మరగాళ్లు లేని నున్నటి బ్యారెల్ ఉన్న తుపాకీ, పంట కాపాడుకోవడానికి మందు కూరే నాటు తుపాకీ, వీటికి లైసెన్సు మాట వేరుగా, కొంత తేలికగా రాశారు. పిస్టల్‌కు మాత్రం తగిన కారణం ఉందని కలెక్టరును ఒప్పించాలి. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్‌లో ఆయుధాగారం దోపిడీ, 2006 మార్చిలో మన గజపతి జిల్లా ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టుల దాడి చూసిన ప్రాంతం ఇది. ఇంట్లో పిస్టల్ ఉందని ఊరికి తెలియడం ఇక్కడ రక్షణ అవుతుందో, ఆకర్షణ అవుతుందో ఆలోచించండి. ఎన్నికలొస్తే అదీ ఉండదు. ప్రవర్తనా నియమావళి నడిచినన్నాళ్లూ లైసెన్సుదారుల తుపాకులు మామూలుగా పోలీసు స్టేషన్లకు చేరతాయి. 2024లో ఆ నియమావళి మార్చి 16న మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంది.

నిజంగా పోటీల మీద మనసున్న పిల్లలకు దారి వేరే ఉంది, ఖర్చు కూడా తక్కువే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 4.5 మిల్లీమీటర్ల బోరుది. 20 జూళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, దాన్ని నిలకడగా కొట్టడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో క్లబ్బు సభ్యత్వం, రాష్ట్ర పోటీలు, స్కోర్లు, అవన్నీ వాటంతట అవే వస్తాయి. కాల్చే తుపాకీ సొంతానికి కావాలా అన్న ప్రశ్న అప్పుడు అడగొచ్చు. 21 ఏళ్లు నిండనివాడికి మామూలు లైసెన్సు ఎలాగూ రాదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు కూడా, గుర్తింపు పొందిన షూటర్లకే సడలింపు. రెండింటిలో ఒకటి తాతగారి పన్నెండు బోరు అయితే మిగిలింది ఒక్కటే.

చివరగా సరిహద్దు మాట, ఎందుకంటే సలహా ఇచ్చినవాళ్లకు మన భూగోళం తెలియదు. మనలో చాలామందికి ఇల్లు పర్లాకిమిడిలో, పొలమో అత్తవారిల్లో పాతపట్నంలో. రోజుకు రెండుసార్లు రాష్ట్రం దాటుతూ ఉంటాం, దాటుతున్నామన్న ధ్యాస కూడా ఉండదు. తుపాకీ లైసెన్సు పుస్తకంలో మాత్రం అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో స్పష్టంగా రాసి ఉంటుంది. గజపతి జిల్లాకో ఒడిశాకో పరిమితమైన లైసెన్సుతో పిస్టల్‌ను సంచిలో పెట్టుకుని పాతపట్నం బజారులోకి అడుగుపెడితే, ఆంధ్ర పోలీసుల దృష్టిలో అది లైసెన్సు లేని తుపాకీయే. శ్రీకాకుళంలోనో విశాఖలోనో సాధనకు వెళ్లాలనుకునేవాళ్లు తుపాకీ కొనకముందే లైసెన్సు పరిధిని ఆంధ్రకు పెంచమని దరఖాస్తులో అడగాలి.