పప్పు ఉడికితే మంచి నీళ్లేనా?

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఇంటి వాకిట్లో రెండు నల్లాలు చూశాను. ఒకటి ప్రభుత్వం ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథది, రెండోది సొంత బోరుది. బిందె భగీరథ నల్లా కింద పెడతారు, పప్పు గిన్నె మాత్రం బోరు కింద. ఎందుకట్లా అనడిగితే ఇంటి పెద్దమ్మ నవ్వింది. "ఆ నీళ్లు మందు వాసనొస్తయి బిడ్డా. మా బోరు నీళ్లల్ల పప్పు ఇట్ల ఏస్తే అట్ల ఉడుకుతది. చాయ్ గూడ మంచిగైతది."

మన పల్లెల్లో నీళ్ల పరీక్షంటే ఇదే. నాలుకకు ఉప్పగా తగలొద్దు, సబ్బు నురగ రావాలి, పప్పు ఉడకాలి. ఇవన్నీ చెప్పేది నీటిలోని లవణాల గురించి, కాఠిన్యం గురించి. కాల్షియం ఎక్కువుంటే నురగ రాదు, పప్పు గింజ గింజగానే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్, కాల్షియం ఉన్నచోట దానితో కలిసి అడుగున చేరుతుంది. కాల్షియం తక్కువై, సోడా గుణం ఎక్కువున్న నీళ్లకైతే మన గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకునే గుణం ఎక్కువ. రాయితో సావాసం ఎంతకాలమైతే అంత. పప్పును మెత్తగా ఉడికించే బోరునే ముందు అనుమానించాలన్నమాట. మెత్తటి నీళ్లన్నీ చెడ్డవని కాదు, కానీ గిన్నె ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదు.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మన బోర్లలో ఉండే మోతాదుకు రుచీ తెలియదు. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకుంటే 1.5 వరకు. మరిగిస్తే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ దాన్ని పట్టుకోలేదు. ఆర్‌వో ఆపుతుంది, అదీ లోపలి వడపోత పొర (మెంబ్రేన్) బాగున్నంతకాలమే. అన్నం, పప్పు, చాయ్ ద్వారా పోయేది కూడా ఒంట్లోకే పోతుంది కాబట్టి, తాగడానికి ఒక నల్లా, వంటకు ఒక నల్లా అనే లెక్క సగం రక్షణే.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందిస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు నిలిచింది. దేశదేశాల పాఠ్యపుస్తకాల్లో మన జిల్లా పేరుంది. మన వంటింట్లో ఆ పటిక బకెట్ మాత్రం నిలవలేదు. ఏ బోరుకు ఎంత పటిక వేయాలో పరీక్ష చేస్తే గానీ తెలియదు, వేశాక గంటలు ఆగాలి, అడుగున పేరుకున్న బురద పారబోయాలి. పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో ఇది సాగే పని కాదు.

క్రిముల సంగతి వేరు. ఆ చెడుపు రాయి చేసింది కాదు, మనం చేసుకున్నదే. చేదబాయి పక్కన పెంటకుప్ప, బోరుకు పది అడుగుల్లో లెట్రిన్ గుంత, బోరు పైపు (కేసింగ్) చుట్టూ గచ్చు లేక మొదటి వానకే నిలిచే మురుగు. గుంతకూ బావికీ కనీసం 15 మీటర్లుండాలంటారు. పగుళ్ల రాయి ఉన్న నేలలో ఆ దూరమూ పూచీ కాదు. ఇలాంటి ఒక బావి నీళ్లను, క్రిములుంటే నల్లబడే పరీక్ష సీసాలో పోసి కిటికీలో పెట్టాం. పొద్దున చూస్తే సీసా నల్లగా, సిరా పోసినట్టుంది. ఆ బావి నీళ్లు తేటగా, అడుగు కనిపించేవి.

దీనికి బ్లీచింగ్ పౌడర్ ఉంది, కానీ మనవాళ్లు చేసేది డబ్బా కుమ్మరించడం. తేట నీటికి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పౌడర్ చాలు. 2 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల లోతు నీళ్లున్న బావికి 30 గ్రాముల పైచిలుకు. బకెట్లో కలిపి, సున్నం అడుగున కూర్చున్నాక పైతేటను మాత్రం రాత్రి బావిలో పోయాలి, గంటైనా ఆగాలి. మూత తీసి ఏడాదిగా మూలన పడున్న పౌడర్‌కు పస ఉండదు.

ప్రభుత్వం తను ఇచ్చే నీటిని పరీక్షిస్తుంది. నా ఇంటి బోరు నాది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బావిని నమోదు చేయమంటుంది, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బోరు వేయాలంటే అనుమతి అడుగుతుంది. ఈ నిబంధనల పట్టింపంతా ఎన్ని నీళ్లు తోడుతున్నామన్నదాని మీదే, ఆ నీళ్లలో ఏముందన్నదాని మీద కాదు. రిగ్గుకు అడుగుల లెక్కన వేలకు వేలు పోసేవాళ్లకు ఒక్క పరీక్ష ఖర్చు బరువా? బోరు వేసిన రోజే ఫ్లోరైడ్, ఎరువులూ మురుగూ నుంచి నీళ్లలో చేరే నైట్రేట్ చూపించి, ఆ చీటీ లేకుండా నమోదు కాదంటే సరిపోతుంది. క్రిములకు ఏటా వానలయ్యాక మళ్లీ చూపించుకోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతో పాలు కలపకూడదు.

పెద్దమ్మ బోరు నీళ్లనూ ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌తో చూశాం. గులాబీ రంగు మందు చుక్కలు పడగానే గొట్టంలో పసుపు తేలింది. పసుపంటే ఫ్లోరైడ్ ఎక్కువని చెప్పాను. ఆమె కాసేపు గొట్టం వైపే చూసింది.

"మరి పప్పెట్ల ఉడకాలె?"

భగీరథ నీళ్లల్లనే రాత్రి నానబెట్టమన్నాను.

"రాత్రి యాదికుండాలె గద" అంది.